తర్కానికి పునాది ఏది, సత్యానికి అంత విలువ ఎందుకు?

మీ ప్రశ్నలో మూడు సందేహాలున్నాయి. తర్కనియమాలను తర్కంతోనే నిరూపిస్తే గుండ్రంగా తిరిగినట్టవుతుంది, నిరూపించకుండా ఒప్పుకుంటే అవీ ఒక విశ్వాసమే అవుతాయి, మరి వాటికి మన మీద అధికారం ఎక్కడిది అన్నది మొదటిది. తర్కవ్యవస్థలు ఒకటికంటే ఎక్కువ ఉన్నప్పుడు దేన్ని నమ్మాలన్నది రెండోది. ఊరటనిచ్చే అబద్ధం అందుబాటులో ఉండగా బాధపెట్టే నిజానికి ఎందుకంత విలువ అన్నది మూడోది. తర్కశాస్త్రాన్ని చాలాకాలం పాఠంగా చెప్పినవాడిని కనుక నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడోదాన్ని పక్కన పెట్టి మొదటిదానికి జవాబు చెప్పడం కుదరదు. తర్కానికి ఉన్న అధికారమంతా సత్యం నుంచి తెచ్చుకున్నదే. సత్యం అక్కర్లేదన్నవాడిని తర్కం ఏమీ చేయలేదు. సత్యం అక్కర్లేకుండా ఒక్క మాటైనా నొక్కి చెప్పడం ఎవరికైనా సాధ్యమా అన్నదే తేలవలసిన విషయం. అందుకే మొదట ఒకటో సందేహం, తర్వాత మూడోది, చివర రెండోది తీసుకుంటాను.

మీరు చూపిన చిక్కు నిజమైనదే. ఆధునిక తర్కశాస్త్రానికి పునాది వేసిన జర్మన్ గణితవేత్త గోట్లోబ్ ఫ్రేగె దాన్ని దాచలేదు. అంకగణితం మొత్తాన్ని శుద్ధ తర్కం నుంచి రాబట్టాలని ఆయన రాసిన పెద్ద గ్రంథం మొదటి సంపుటం 1893లో వచ్చింది. దాని ముందుమాటలోనే విషయం సూటిగా చెప్పాడు. ఒక తర్కనియమాన్ని ఏ హక్కుతో సత్యమంటున్నారని అడిగితే, తర్కశాస్త్రం ఆ నియమాన్ని ఇంకో తర్కనియమం నుంచి రాబట్టి చూపగలదు, అంతే. అలా రాబట్టడం వీలుకాని చోట తర్కశాస్త్రం దగ్గర జవాబు లేదు. తర్కాన్ని ప్రాణంలా చూసుకున్న మనిషి ఇంత నిక్కచ్చిగా దాని హద్దు చెప్పాడంటే, ఆ హద్దు నిజంగానే ఉందని మనం ఒప్పుకోవాలి.

ఇదే ప్రశ్న మన దేశంలో అంతకు చాలా శతాబ్దాల ముందే రాజుకుంది. శాతవాహన రాజుకు మిత్రుడని సంప్రదాయం చెప్పే బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో, న్యాయదర్శనాన్ని అనుసరించే తార్కికులైన నైయాయికులను నిలదీశాడు. ప్రమాణాల వల్ల, అంటే జ్ఞానాన్నిచ్చే సాధనాల వల్ల, వస్తువులు సిద్ధిస్తాయంటున్నారు, ఆ ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయి? ఇతర ప్రమాణాల వల్ల అంటే అనవస్థ, దానికి అంతు ఉండదు. ఏ ప్రమాణమూ లేకుండానే సిద్ధిస్తాయంటే, అన్నీ ప్రమాణాల వల్లే సిద్ధిస్తాయన్న మీ వాదాన్ని మీరే వదులుకున్నట్టు. దీపం ఇతర వస్తువులతో పాటు తననూ వెలిగించుకుంటుంది కదా అని ఎదుటివారు అంటే, దీపం ఎప్పుడు చీకట్లో ఉందని, తర్వాత వెలుగులోకి రావడానికి అని అడిగాడు.

ఈ చర్చలో నైయాయికుల మూలగ్రంథమైన న్యాయసూత్రాల రెండో అధ్యాయం చెప్పే త్రాసు జవాబు నాకు చాలా ఇష్టం. త్రాసుతో బంగారం తూస్తున్నప్పుడు త్రాసు ప్రమాణం. త్రాసు మీదే అనుమానం వస్తే, తూకం తెలిసిన బంగారాన్ని అందులో వేసి దాన్నే పరీక్షిస్తాం. అప్పుడది ప్రమేయం, అంటే తెలుసుకోవలసిన వస్తువు. ప్రమాణమా, ప్రమేయమా అన్నది ఆ వస్తువుకు పుట్టుకతో వచ్చిన హోదా కాదు, ఆ సమయంలో అది చేస్తున్న పనిని బట్టి వచ్చేది. దేన్నైనా అనుమానించవచ్చు, పరీక్షించవచ్చు. కాకపోతే అన్నింటినీ ఒకేసారి అనుమానించడానికి కుదరదు, ఎందుకంటే అనుమానం తీరడానికి ఏదో ఒకటి నిలకడగా ఉండాలి. ప్రత్యక్షం, అనుమితి (తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించడం), ఆప్తవాక్యం (నమ్మదగినవారి మాట) వంటి ప్రమాణాల విషయంలో నాకు ఈ జవాబు చాలు. అయితే మీ ప్రశ్న ఇంకో మెట్టు కిందికి వెళ్తుంది. త్రాసును పరీక్షించడానికి ఇంకో త్రాసు ఉంది. ఒక మాట, దాని వ్యతిరేకం, ఒకే అర్థంలో రెండూ నిజం కాలేవన్న అవైరుధ్య నియమాన్ని పరీక్షించడానికి ఇంకేముంది? ఆ పరీక్ష నెగ్గిందో ఓడిందో చెప్పడానికి కూడా ఆ నియమమే కావాలి.

అరిస్టాటిల్ తన తత్త్వగ్రంథం నాలుగో భాగంలో సరిగ్గా ఇక్కడే ఆగి ఆలోచించాడు. ఈ నియమాన్ని నిరూపించలేమని ఒప్పుకున్నాడు. అన్నింటికీ నిరూపణ అడగడం, ఎక్కడ అడగాలో ఎక్కడ అడగకూడదో తెలియకపోవడమే అన్నాడు. అయినా దాన్ని కాదన్నవాడికి చూపించగలిగేది ఒకటి ఉందన్నాడు. ఆ మనిషి ఒక్క మాట అంటే చాలు, తనకూ ఎదుటివారికీ అర్థమయ్యే మాట. "ఇది మనిషి" అని అతను అన్నాడనుకుందాం. ఆ మాటకు అర్థం ఉందంటే అది కొన్నింటిని కలుపుకొని కొన్నింటిని తోసిపుచ్చుతుంది. దేన్నీ తోసిపుచ్చని మాట ఏమీ చెప్పదు. "అవైరుధ్య నియమం తప్పు" అని అతను వాదించినప్పుడు కూడా, అది ఒప్పు కాదనే కదా అతని ఉద్దేశం. అంటే తాను తిరస్కరిస్తున్న నియమాన్ని ఆ తిరస్కారంలోనే వాడుకుంటున్నాడు. మాట్లాడకుండా కూర్చుంటే అతన్ని ఎవరూ ఓడించలేరు, కానీ అప్పుడు ఓడించడానికి అక్కడ వాదమూ ఉండదు.

వైరుధ్యాన్ని ఒక్కసారి లోపలికి రానిస్తే ఏమవుతుందో రెండు అడుగుల్లో చూడవచ్చు. "వాన పడుతోంది" నిజం, "వాన పడటం లేదు" కూడా నిజం అనుకోండి. మొదటిది నిజం కనుక "వాన పడుతోంది లేదా చంద్రుడు ఇత్తడి ముద్ద" అన్న వాక్యమూ నిజమే, ఎందుకంటే "లేదా"తో కలిపిన రెండింటిలో ఒకటి నిజమైతే చాలు. కానీ వాన పడటం లేదని కూడా ఒప్పుకున్నాం. మొదటి సగం పోయింది కనుక రెండో సగం నిలవాలి. చంద్రుడు ఇత్తడి ముద్ద అయిపోయాడు. ఆ స్థానంలో మీకు తోచిన ఏ వాక్యం పెట్టినా ఇలాగే నిరూపణ అవుతుంది. అన్నీ నిరూపణ అయ్యే చోట నిరూపణకు విలువ లేదు. ఈ అడుగుల్లో ఒకదాన్ని ఒప్పుకోని తర్కవ్యవస్థలూ ఉన్నాయి, వైరుధ్యం ఎదురైనా కుప్పకూలకుండా పనిచేయడమే వాటి లక్ష్యం. అంటే అన్నీ నిజమైపోయే స్థితిని అవి కూడా కోరుకోవు.

"నిరూపించకుండా ఒప్పుకుంటే అదీ విశ్వాసమే" అన్న మీ మాటలో ఒక పొరపాటు ఉందని నా అభిప్రాయం. 1895లో 'ఆలిస్' కథల రచయిత లూయిస్ కరోల్ ఒక చిన్న సంభాషణగా దాన్ని బయటపెట్టాడు. తాబేలు అకిలీజ్‌తో అంటుంది: నీ రెండు ఆధారవాక్యాలూ ఒప్పుకుంటాను, కానీ వాటి నుంచి ఆ నిగమనం, అంటే ముగింపు వాక్యం, ఎందుకు రావాలి? "ఆ రెండూ నిజమైతే ఇదీ నిజం" అని అకిలీజ్ రాసిస్తాడు. సరే, దాన్నీ మూడో ఆధారవాక్యంగా ఒప్పుకుంటాను, ఇప్పుడు ఈ మూడింటి నుంచి నిగమనం ఎందుకు రావాలి అంటుంది తాబేలు. నాలుగోది, ఐదోది, పుస్తకం నిండిపోతుంది కానీ నిగమనం రాదు. అకిలీజ్ చేసిన తప్పు, అనుమితి నియమాన్ని, అంటే ఒక వాక్యం నుంచి ఇంకోదానికి వెళ్లే నియమాన్ని, ఇంకో ఆధారవాక్యంగా చేర్చడం. నియమం అన్నది ఒప్పుకోవలసిన వాక్యాల జాబితాలో ఇంకొకటి కాదు, ఒప్పుకున్నవాటి నుంచి ముందుకు అడుగు వేయడం. విశ్వాసాన్ని వదులుకుని కూడా మిగతా ఆలోచన అంతా అలాగే సాగించవచ్చు. ఈ అడుగు వేయడం మానేస్తే ఏ విశ్వాసం నుంచీ ఏమీ రాదు, మతవిశ్వాసం నుంచి కూడా.

ఇక్కడ నాకు కూడా గట్టిదిగా కనిపించే ఒక ఆక్షేపణ ఉంది. మనం అలా ఆలోచించకుండా ఉండలేకపోవడం మన మెదడు కట్టడి కావచ్చు, అంతమాత్రాన ప్రపంచం అలా ఉండాలని ఏముంది? ఫ్రేగె కాలంలో చాలామంది పండితులు తర్కనియమాలను మనసు పనిచేసే తీరుగానే చూసేవారు, గుండె కొట్టుకునే తీరును వైద్యులు వర్ణించినట్టు. ఆయన జీవితాంతం ఆ వాదంతో పోరాడాడు. మనుషులు దేన్ని నిజమని అనుకుంటారన్నది మనస్తత్వశాస్త్రం. ఏది నిజమన్నది వేరే సంగతి. అందరూ తప్పుగా కూడినా రెండూ మూడూ ఐదే. మన తర్కానికి పూర్తిగా విరుద్ధంగా ఆలోచించే జీవులు ఎక్కడైనా కనిపిస్తే? అలాంటివి ఉండవచ్చని ఊహించడానికి అడ్డేమీ లేదన్నాడు ఫ్రేగె. కానీ ఆ జీవులు చెప్పేదీ ఒప్పే, మనం చెప్పేదీ ఒప్పే అని ఊహించడం మాత్రం కుదరదు. ఎవరో ఒకరు తప్పు. ఈ జవాబుతో ఆక్షేపణ పూర్తిగా తీరిపోయిందని నేను చెప్పను. కానీ గమనించండి, ఆక్షేపించేవారు కూడా "ప్రపంచం నిజంగా ఎలా ఉంది" అనే అడుగుతున్నారు. సత్యం అనే కొలత లేకుండా ఆ అనుమానాన్ని మాటల్లో పెట్టడమే వారికి సాధ్యం కాదు.

సత్యమంటే ఏమిటో నిర్వచించమంటే? తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పినది మన పాఠకులకు దగ్గరగా ఉంటుంది: ఒక ధర్మం ఉన్నచోట ఆ ధర్మం ఉన్నట్టుగా కలిగే అనుభవమే యథార్థం. వెండిని చూసి వెండి అనుకోవడం యథార్థం, ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం అయథార్థం. ఉన్నదాన్ని ఉందనడం, లేనిదాన్ని లేదనడం సత్యమన్న అరిస్టాటిల్ మాటకూ దీనికీ పెద్ద దూరం లేదు. ఫ్రేగె మాత్రం 1918లో రాసిన వ్యాసంలో ఇంకా కఠినంగా, సత్యాన్ని నిర్వచించడమే సాధ్యం కాదన్నాడు. ఏ నిర్వచనం ఇచ్చినా, ఫలానా సందర్భంలో అది వర్తిస్తుందన్న మాట నిజమేనా అని మళ్ళీ అడగాలి కదా. నిరూపణకు తర్కనియమాలు ఎలా అడుగున ఉన్నాయో, అర్థానికి సత్యం అలా అడుగున ఉంది. ఈ రెండూ ఒకే చోట ఆగడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇప్పుడు మూడో సందేహం. సత్యానికి విలువ ఇవ్వడమంటే ఏమిటో మాటల్లో చెప్పే ముందు, అది ఒకసారి ఎలా కనిపించిందో చెప్పాలి. ఫ్రేగె గ్రంథం రెండో సంపుటం అచ్చులో ఉంది. ఇరవై ఏళ్లకు పైగా పట్టిన పని అది. సాటి పండితులు పెద్దగా పట్టించుకోలేదు. రెండో సంపుటానికి ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. 1902 జూన్ 16న ముప్ఫై ఏళ్ల బెర్ట్రాండ్ రస్సెల్ ఇంగ్లండ్ నుంచి ఒక ఉత్తరం రాశాడు. మీ పనిని ఎంతో మెచ్చుకుంటున్నాను, ఒక్కచోట మాత్రం నాకు ఇబ్బంది ఎదురైంది, ఇదీ దాని సారం. ఆ ఒక్క ఇబ్బంది గ్రంథం పునాదిలోనే ఉంది. ఫ్రేగె ఐదో మూలసూత్రం ప్రకారం ఏ లక్షణాన్ని చెప్పినా, ఆ లక్షణం ఉన్నవాటన్నింటితో ఒక సమితి ఏర్పడుతుంది. మరి తనలో తాను సభ్యం కాని సమితులన్నింటితో ఒక సమితి చేద్దాం. అది తనలో తాను సభ్యమా? అవునంటే, లక్షణం ప్రకారం కాదు. కాదంటే, లక్షణం ప్రకారం అవును. పైన చెప్పిన ఇత్తడి చంద్రుడు ఫ్రేగె అంకగణితంలోకి వచ్చేశాడు. ఆ వ్యవస్థలో ఇక ఏ వాక్యాన్నైనా నిరూపించవచ్చు.

ఫ్రేగె జవాబు జూన్ 22న వెళ్ళింది, ఆరు రోజుల్లోపే. మీరు కనుగొన్నది నన్ను దిగ్భ్రాంతికి గురిచేసింది, అంకగణితాన్ని నిలబెట్టాలనుకున్న పునాదే కదిలిపోయింది అని ఒప్పుకున్నాడు. అంతటితో ఆగలేదు. ఇది చాలా విశేషమైన ఆవిష్కరణ అనీ, మొదట ఎంత అవాంఛితంగా కనిపించినా దీనివల్ల తర్కశాస్త్రం బాగా ముందుకు సాగవచ్చనీ రాశాడు. 1903లో వచ్చిన రెండో సంపుటానికి అనుబంధం చేర్చి, రస్సెల్ పేరు చెప్పి, వైరుధ్యాన్ని తానే విడమరిచి చూపించాడు. ఐదో సూత్రానికి మిగతా సూత్రాలకు ఉన్నంత స్పష్టత లేదని తనకు మొదటినుంచీ తెలుసనీ అన్నాడు. ఆయన అక్కడ ప్రతిపాదించిన మరమ్మతు కూడా నిలబడలేదు. ఫ్రేగె 1925లో చనిపోయాక, 1938లో పోలండ్ తర్కవేత్త లెష్నియెవ్‌స్కీ దానిలోని లోపం చూపాడు. చివరి ఏళ్లలో ఫ్రేగె, అంకగణితం తర్కం నుంచి వస్తుందన్న తన జీవితకాల సిద్ధాంతాన్నే వదిలేశాడు. ఆ ఉత్తరాలు నడిచిన అరవై ఏళ్ల తర్వాత, 1962లో రస్సెల్ ఈ సంగతి గుర్తుచేసుకుంటూ, సత్యం పట్ల ఫ్రేగె చూపిన అంకితభావానికి సాటివచ్చేది తన ఎరుకలో లేదని రాశాడు.

ఈ సంగతి మీకు ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. అబద్ధం వల్ల ఫ్రేగెకు ఎంతో లాభం ఉండేది. రస్సెల్ ఉత్తరం ఒక ప్రైవేటు ఉత్తరం. జవాబు ఇవ్వకుండా ఉండవచ్చు, అనుబంధం చేర్చకుండా పుస్తకం తేవచ్చు. చదివేవాళ్లే తక్కువ. అయినా ఆయన ముందున్న ప్రశ్న "నా పుస్తకం బతుకుతుందా" అన్నది కాదు, "ఇది నిజమా" అన్నది. ఆ రెండో ప్రశ్న లేకపోతే మొదటి సంపుటం రాయడానికే అర్థం లేదు. సిద్ధాంతం తప్పని తెలిశాక కూడా దాన్ని సత్యమని నమ్ముతూ ఉండటం ఎలా? ప్రయత్నించి చూడండి. "ఈ మాట అబద్ధం, అయినా నేను దీన్ని నమ్ముతున్నాను" అని మనస్ఫూర్తిగా అనుకోవడం ఎవరికీ చేతకాదు. నమ్మకం అనేది సత్యాన్ని గురిచూసే పని. ఆ గురి మనం తర్వాత ఎక్కడినుంచో తెచ్చి అతికించినది కాదు.

జర్మన్ తాత్త్వికుడు నీషే 1886లో సూటిగా అడిగాడు: మనకు సత్యమే ఎందుకు కావాలి, అసత్యం ఎందుకు కాకూడదు? ఇది గొప్ప ప్రశ్న, దీన్ని చిన్నచూపు చూడకూడదు. ప్రయోజనం కోసం అని చాలామంది జవాబు చెబుతారు. న్యాయసూత్రాలకు వ్యాఖ్యానమైన వాత్స్యాయనుడి న్యాయభాష్యం మొదటి వాక్యమే ఆ దిశలో ఉంటుంది: ప్రమాణంతో తెలుసుకున్నప్పుడే ప్రవృత్తి సఫలమవుతుంది. నీళ్లనుకుని వెళ్తే దాహం తీరాలి, ఎండమావి అయితే తీరదు. ఇది నిజమే కానీ సగమే. మీరు చెప్పిన ఊరటనిచ్చే అబద్ధాన్ని ఇది ఎదుర్కోలేదు, ఎందుకంటే అక్కడ అబద్ధమే సఫలమవుతోంది.

దానికి మన ఇళ్లలోనే ఉదాహరణ ఉంది. పెద్దవారికి క్యాన్సర్ అని తేలితే ఆ మాట వారికి చెప్పకుండా దాచడం చాలా కుటుంబాల్లో ప్రేమగానే జరుగుతుంది. దాన్ని నేను తేలిగ్గా ఖండించలేను. కానీ అక్కడ ఏం జరుగుతుందో చూడండి. ఆ అబద్ధం నిలబడాలంటే ఇంట్లో ఎవరికో ఒకరికి నిజం తెలియాలి. డాక్టరుకు తెలియాలి, మందు దాని ప్రకారమే పడాలి, రిపోర్టు ఎక్కడ పెట్టాలో కొడుక్కు తెలియాలి. అందరూ ఆ అబద్ధాన్నే నమ్మితే చికిత్సే ఉండదు. ఊరటనిచ్చే అబద్ధం ఎప్పుడూ ఎవరో మోస్తున్న నిజం మీద ఆధారపడి బతుకుతుంది. రెండో సంగతి, ఆ పెద్దాయన పొలం ఎవరి పేర రాయాలి, ఎవరితో రాజీపడాలి, మిగిలిన కాలం ఎలా గడపాలి అన్న నిర్ణయాలు తన పరిస్థితి కాని పరిస్థితిని బట్టి తీసుకుంటాడు. ఆయనకు బాధ తప్పింది, దాంతో పాటే తన జీవితం మీద తన పెత్తనమూ పోయింది. చెప్పాలా వద్దా అన్నది ఆ కుటుంబం ఆ మనిషిని ఎరిగి తేల్చుకోవలసినదే. కానీ దాచినప్పుడు ఆయన విలువైనదేదో కోల్పోయాడన్నది మాత్రం కాదనలేం.

అన్ని సత్యాలకూ సమాన విలువ ఉందని నేను అనడం లేదు. మీ వీధిలో ఎన్ని గులకరాళ్లున్నాయో తెలుసుకోకపోతే మీకు లోటేమీ లేదు. ఏ ప్రశ్నలు అడగాలన్నది మన అవసరాలను, మన కుతూహలాన్ని బట్టి ఉంటుంది. ఒక ప్రశ్న మనదయ్యాక దానికి సరైన జవాబు ఏదన్నది మాత్రం మన ఇష్టాన్ని బట్టి ఉండదు.

ఇంకో విషయం దాటవేయడం న్యాయం కాదు. ఇంతగా మెచ్చుకున్న ఫ్రేగె 1924లో రాసుకున్న డైరీలో యూదుల పట్ల ద్వేషం, పార్లమెంటరీ ప్రజాస్వామ్యం పట్ల వైరం నిండి ఉన్నాయి. ఆయన తత్త్వం మీద జీవితంలో పెద్ద భాగం వెచ్చించిన బ్రిటిష్ తాత్త్వికుడు మైఖేల్ డమ్మెట్ వాటిని చదివి ఎంతో ఆవేదన చెందాడు. తర్కం తెలిసినవాడు అన్నింటా సత్యవంతుడని అనుకోకండి. తర్కం ఆధారవాక్యాలను ఇవ్వదు, ఇచ్చినవాటి నుంచి ఏమి వస్తుందో చెబుతుంది. సమితుల గురించి తన సూత్రాన్ని ఎదుటివాడి పరీక్షకు పెట్టిన మనిషి, మనుషుల గురించి తన అభిప్రాయాలను ఎవరి పరీక్షకూ పెట్టలేదు. ఆ డైరీ ఆయన తర్కాన్ని అబద్ధం చేయదు. ఒక రంగంలో ఉన్న నిజాయితీ పక్క రంగంలోకి తనంతట తాను పాకదని మాత్రం చూపిస్తుంది.

చివరగా రెండో సందేహం, తర్కవ్యవస్థలు అనేకం కదా అన్నది. దీనికి జవాబు కొంత తేలిక. డచ్ గణితవేత్త బ్రౌవర్ 1908లో, ఒక వాక్యం నిజం లేదా దాని వ్యతిరేకం నిజం, మధ్యస్థం లేదు అన్న మధ్యమ పరిహార నియమాన్ని అనంత సమితుల విషయంలో నమ్మలేమన్నాడు. ఎందుకో ఒక ఉదాహరణతో అర్థమవుతుంది. రెండు పూర్ణాంకాల భిన్నంగా (లవం, హారంగా) రాయలేని సంఖ్యను, అంటే కరణీయ సంఖ్యను, ఇంకో కరణీయ సంఖ్య ఘాతానికి హెచ్చిస్తే భిన్నంగా రాయగల సంఖ్య రాగలదా? 2 వర్గమూలాన్ని 2 వర్గమూలం ఘాతానికి హెచ్చించండి. వచ్చినది భిన్నంగా రాయగలదైతే పని అయిపోయింది. కాకపోతే, వచ్చినదాన్ని మళ్ళీ 2 వర్గమూలం ఘాతానికి హెచ్చించండి, సరిగ్గా 2 వస్తుంది. ఎటైనా జవాబు "రాగలదు" అనే. కానీ ఆ రెండింటిలో ఏది జరిగిందో ఈ నిరూపణ చెప్పలేదు. సంఖ్యలను చేతికివ్వని నిరూపణ నిరూపణే కాదన్నది బ్రౌవర్ పక్షం. జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ పక్షం దాన్ని ఒప్పుకోలేదు. రెండోదే నిజమని, అంటే మొదట వచ్చిన ఆ సంఖ్య భిన్నంగా రాయలేనిదేనని 1934లో వచ్చిన గెల్ఫోండ్-ష్నైడర్ సిద్ధాంతం ప్రకారం తేలుతుంది.

ఈ తగాదాలో ఇరుపక్షాలూ అవైరుధ్య నియమాన్ని వదల్లేదు. ఆధారవాక్యాల నుంచి నిగమనానికి వెళ్లే మామూలు అడుగునూ వదల్లేదు. వారి తగవంతా గణితంలో "నిజం" అనడానికి ఎంత నిరూపణ కావాలన్నదాని మీదే. పైగా 1933లో తర్కవేత్త గోడెల్, మామూలు అంకగణితంలోని ప్రతి నిరూపణనూ ఒక పద్ధతి ప్రకారం అనువదించి బ్రౌవర్ పక్షపు అంకగణితంలో చూపవచ్చని తేల్చాడు. కనుక రెండోదానిలో వైరుధ్యం లేకపోతే మొదటిదానిలోనూ లేదు. మీరు ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే, వ్యవస్థలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడం కంటే, ఒక్కొక్కటి ఏ నియమాన్ని వదులుతోంది, ఏ ఇబ్బందిని తప్పించుకోవడానికి వదులుతోంది అని చూడటం మొదలుపెట్టండి. మధ్యమ పరిహార నియమంతోనే ఆరంభించండి, దాని మీద జరిగినంత లోతైన చర్చ ఇంకే నియమం మీదా జరగలేదు.